లోడెక్కితే పికప్ వెనక కూర్చుంటోందా? సరైన కమాన్ కట్టలు ఎంచుకుని బండిని మట్టంగా నిలబెట్టే పద్ధతి

"అన్నా, ఇంకో రెండు పట్టీలు ఎక్కించు." కమాన్ షాపులో చాలా బేరాలు ఈ మాటతోనే మొదలవుతాయి. కమాన్ అంటే యాక్సిల్ మీద బండి బరువు మోసే లీఫ్ స్ప్రింగు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. రెండే ఎందుకు, ఒకటి చాలదా, అసలు పట్టీ ఎక్కించాల్సిన జబ్బేనా ఇది అని అడిగేవాళ్లు తక్కువ.

నేనూ అడగలేదు. కోడిగుడ్లు తోలే నా బండికి రెండు దళసరి పట్టీలు వేయించుకున్నాను. నిండు లోడు మీద ఠీవిగానే నిలబడింది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా తోక ఎగిరెగిరి పడేది. సగం లోడుతో వెళ్లిన రోజు ట్రేలలో గుడ్లు పగిలాయి. నెల తిరక్కుండా ఒక పట్టీ తీయించాను. ఆ తర్వాతే టేపు, నోటుబుక్కు చేతపట్టాను.

కింద రాసింది బొలెరో పికప్, టాటా యోధా, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మాక్స్ లాంటి, వెనక కమాన్లున్న పికప్‌లకు పనికొస్తుంది. వెనక కాయిల్ స్ప్రింగులున్న బండికి ఇది వర్తించదు.

1. ముందు జబ్బేమిటో తేల్చుకోండి

వెనక కూర్చోవడంలో మూడు రకాలున్నాయి. మూడింటికీ మందు వేరు.

మొదటిది, బండి ఖాళీగా ఉన్నా వెనక కిందికే ఉండటం. అంటే కట్ట సాగిపోయింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. సాగిన కట్ట మెత్తబడదు, దాని వంపు పోతుంది. అందుకే అది ఎత్తు కోల్పోతుంది. ఉక్కు బిరుసు దాదాపు అలాగే ఉంటుంది. కంపెనీ కొలతల కొత్త కట్ట వేస్తే సరిపోయే చోట, పట్టీలు పెంచి బండిని బండరాయిలా చేయకండి.

రెండోది, ఖాళీగా బాగానే ఉండి లోడెక్కగానే కుంగడం. ఇది కట్ట బలానికి సంబంధించింది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

మూడోది, ఒక పక్కకే వాలడం. దీనికి పట్టీ మందు కాదు. విరిగిన పట్టీ, అరిగిన బుష్ (కమాన్ కొసలోని రబ్బరు గొట్టం), పట్టేసిన షాకిల్ (కమాన్ కొసను చాసిస్‌కు కలిపే, ఊగే లింకు), చాసిస్‌లో చీలిక, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏదీ కనిపించకపోతే ఎడమ కట్టను కుడికి, కుడి కట్టను ఎడమకు మార్చి చూడండి. వాలు కూడా పక్క మారితే లోపం కట్టలో ఉంది. మారకపోతే చాసిస్‌లోనో బాడీలోనో వెతకాలి.

లోడు ఎక్కడ పడుతోందో కూడా చూడండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3 మీటర్లున్న బండిలో, వెనక యాక్సిల్ దాటి 1 మీటరు వెనక్కి 200 కేజీలు పెట్టారనుకోండి. వెనక యాక్సిల్ మీద సుమారు 267 కేజీలు పడతాయి, ముందు యాక్సిల్ మీంచి 67 కేజీలు తేలిపోతాయి. బరువైన బస్తాలు క్యాబిన్ వైపు సర్దితేనే కొన్ని బండ్ల జబ్బు సగం నయమవుతుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

2. టేపు పట్టండి

నేల సమతలంగా ఉండాలి. పెట్రోలు బంకుల్లో కాంక్రీటు పోసిన చోటు మంచిది. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, బండిని రెండు మూడు మీటర్లు ముందుకూ వెనక్కీ కదిపి ఆపండి. కమాన్లు వాటి స్థానంలోకి సర్దుకుంటాయి.

నేల నుంచి కొలవకండి, టైరు అరుగుదల లెక్క చెడగొడుతుంది. చక్రం మధ్య బిందువు నుంచి నిటారుగా పైకి మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. వెనక మడ్‌గార్డు లేని డెక్ బండికి చాసిస్ అడుగు వరకు కొలవండి. ఏ చోట కొలిచారో సుద్దముక్కతో కాదు, పెయింటుతో గుర్తు పెట్టండి.

నాలుగు చక్రాల దగ్గరా మూడు సార్లు కొలవాలి:

- ఖాళీ బండి
- సగం లోడు
- రోజూ వేసే నిండు లోడు

పరీక్ష లోడుకు సిమెంటు బస్తాలు బాగుంటాయి. బస్తా 50 కేజీలు కాబట్టి 20 బస్తాలంటే టన్ను. ఒక టన్ను తోలే బండికి 10 బస్తాలు వేసి ఒకసారి, 20 వేసి ఒకసారి కొలవచ్చు. మొదటి పది బస్తాలకు బాగా కుంగి, తర్వాతి పదికి తక్కువ కుంగితే మీ హెల్పర్ పట్టీలు (లోడు పడ్డాక మాత్రమే పనిచేసే అదనపు పట్టీలు) సరిగ్గానే అందుకుంటున్నాయని అర్థం.

ముందు కొలత, వెనక కొలత సమానంగా రావాల్సిన పని లేదు. మట్టం చూడాల్సింది చాసిస్‌లో. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి చాసిస్ రైలు మీద పెట్టండి. ఖాళీ బండి వెనక కాస్త ఎత్తుగా ఉండటం తప్పు కాదు, అది లోడు కోసం కంపెనీ ఉంచిన ఖాళీయే. నిండు లోడు మీద చాసిస్ మట్టంగా, లేదా వెనక వేలెడు ఎత్తుగా నిలిస్తే చాలు. ఖాళీ బండినే మట్టంగా నిలబెడితే, లోడెక్కాక అది ఆకాశం చూస్తుంది.

3. వేబ్రిడ్జి ఎక్కించండి

కాటా మీద మొత్తం బరువొక్కటే చూస్తే చాలదు. మొదట బండి మొత్తం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి చూడాలి. కాటా ముందున్న నేల కాటాతో సమానమైన ఎత్తులో ఉంటేనే ఆ అంకె నమ్మదగినది. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి చూపించి చీటీలు దాచుకోండి.

లోడు చీటీని ఆర్సీలో రాసిన లేడెన్ వెయిట్‌తో (లోడుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు) సరిపోల్చండి. మీ రోజువారీ లోడుతో బండి మొత్తం బరువు దాన్ని దాటుతుంటే ఇక్కడే ఆగండి. కమాన్ బలిసినంత మాత్రాన బ్రేకులు, టైర్లు, యాక్సిల్, వీల్ బేరింగులు బలవవు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది. బండి కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా మార్పులు చేయడం సెక్షన్ 52 కిందికి వస్తుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 182-ఎ(4) కింద యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే కంపెనీ అదే మోడల్‌కు హెవీ డ్యూటీ కట్ట ఇస్తోందేమో ముందు డీలరును అడగండి. ఉంటే అన్నిటికన్నా అదే నయం.

4. కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. వెనక కొలత ఖాళీగా 540 మి.మీ., లోడుతో 430 మి.మీ. అంటే 110 మి.మీ. కుంగింది. కాటా మీద వెనక యాక్సిల్ ఖాళీగా 700 కేజీలు, లోడుతో 1,800 కేజీలు. పెరిగింది 1,100 కేజీలు, ఒక్కో కట్ట మీద 550 కేజీలు.

550 కేజీలకు 11 సెం.మీ. కుంగిందంటే, కట్ట బలం సెంటీమీటరుకు 50 కేజీలు.

మీకు 80 మి.మీ. కుంగితే చాలనుకోండి. 550ని 8తో భాగిస్తే సెంటీమీటరుకు దాదాపు 69 కేజీలు కావాలి. అంటే సుమారు 38 శాతం ఎక్కువ. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే షాపులో ఎవరూ మిమ్మల్ని తికమకపెట్టలేరు.

ఒకే మందమున్న ఆరు పట్టీల కట్టకు అదే మందం పట్టీ ఒకటి కలిపితే బలం మహా అయితే ఆరో వంతు, అంటే 17 శాతం పెరుగుతుంది. కలిపింది పొట్టి పట్టీ అయితే అంత కూడా రాదు.

మందం మాత్రం వేరే కథ. పట్టీ బలం మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 8 మి.మీ. పట్టీ బదులు 10 మి.మీ. పట్టీ వేస్తే ఆ ఒక్క పట్టీయే దాదాపు రెండింతలు బిరుసవుతుంది. 7 నుంచి 8 మి.మీ.కి మారితేనే ఒకటిన్నర రెట్లు. "కొంచెం దళసరిది వేద్దాం" అని మేస్త్రీ తేలిగ్గా అనేస్తాడు. అది కొంచెం కాదు. నా గుడ్లు పగిలింది అందుకే.

లెక్క ఎప్పుడూ వారంలో ఎక్కువ రోజులు వేసే లోడుకే వేయండి. మామిడి సీజన్లో నెల రోజులు పడే బరువు కోసం మిగతా పదకొండు నెలలు నడుము విరగ్గొట్టుకోవడం దేనికి?

5. ఏ దారి ఎంచుకోవాలి

పాత కట్టకు వంపు పెట్టించడం. చవక. బిరుసు పెరగదు, ఎత్తు మాత్రం వస్తుంది. సుత్తితో చల్లగా వంచిన వంపు కొన్ని నెలలకే మళ్లీ సాగుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి గాలికి వదిలేస్తే ఉక్కు పదును పోతుంది. కాల్చినదాన్ని నూనెలో ముంచి, మళ్లీ తగిన వేడిమీద పదును సరిచేసే ఏర్పాటున్న చోట అయితేనే ఒప్పుకోండి.

ఒక పట్టీ కలపడం. 15 నుంచి 20 శాతం చాలితే ఇదే మంచిది. వీలైనంత పొడవు పట్టీ అడగండి. పొట్టి దళసరి పట్టీ తన కొసల దగ్గర పై పట్టీని పొడుస్తుంది, తర్వాత విరిగేది ఆ పై పట్టీయే. కొత్త పట్టీ వంపు పాత కట్ట వంపుకు దగ్గరగా ఉండాలి, కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

ఒక జాగ్రత్త. మీది పారబోలిక్ కట్ట అయితే, అంటే మధ్యలో దళసరిగా కొసల్లో పలచగా రెండు మూడు పట్టీలే ఉండి వాటి మధ్య ఖాళీ కనిపిస్తుంటే, దాంట్లో మామూలు పట్టీ దూర్చకండి. దానికి అదే రకం కట్ట పూర్తిగా మార్చాల్సిందే.

హెల్పర్ కట్ట. వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా తిరిగే బండికి నా ఓటు దీనికే. ఖాళీగా ఉన్నప్పుడు తగలకుండా, లోడు పడ్డాక మాత్రమే అందుకుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడే తగులుతుంటే దాన్ని హెల్పర్ అనకూడదు, ఇంకో దళసరి పట్టీ వేసినట్టే.

పూర్తి కొత్త కట్ట. 30 శాతం పైన కావాల్సి ఉన్నా, పాత మెయిన్ పట్టీ (అన్నిటికన్నా పొడవైన పై పట్టీ) చెవి, అంటే కొసలోని చుట్ట, అరిగినా, ఏదైనా పట్టీలో చీలిక కనిపించినా ఇదే దారి. ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ.

యాక్సిల్ మీద దిమ్మె పెట్టి ఎత్తడం. బలం పెరగదు, ఎత్తే పెరుగుతుంది. గేరు వేసి లాగినప్పుడు యాక్సిల్ మెలితిరగడమూ పెరుగుతుంది. దిమ్మె మీద దిమ్మె ఎప్పుడూ వద్దు. లోడు బండికి దీన్ని నేను సిఫారసు చేయను.

గాలి సంచులు, రబ్బరు సపోర్టులు. లోడు రోజుకో రకంగా ఉండే సొంత వాడకం బండికి బాగుంటాయి. అయితే బరువంతా చాసిస్‌లో ఒకే చోట పడుతుంది. గతుకుల్లో తిరిగే లోడు బండికి చాసిస్ చీలిక భయం ఉంది.

నీళ్ల ట్యాంకు, చేప పిల్లల ట్యాంకు తోలే ఆక్వా బండ్లకు ఇంకో మాట. వెయ్యి లీటర్లంటే టన్ను, ఆ టన్ను ఊగుతుంది కూడా. కట్టతో పాటు షాకబ్జర్లు కొత్తవి వేయకపోతే మలుపుల్లో బండి ఊయలే.

6. షాపులో అడగాల్సినవి

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒకే వీధిలో పది కమాన్ షాపులు తగులుతాయి. ధర కంటే ముందు ఇవి అడగండి:

- ఉక్కు ఏ గ్రేడు? 65ఎస్ఐ7, ఎస్‌యూపీ9, 50సీఆర్‌వీ4 లాంటి స్ప్రింగు ఉక్కు పేరు చెప్పాలి. "మంచి ఇనుము" అనేది జవాబు కాదు.
- పట్టీ వెడల్పు, మందం, మెయిన్ పట్టీ చెవి నుంచి చెవికి పొడవు. పాత కట్ట కొలతలు మీ దగ్గర రాసి ఉండాలి.
- సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో గుచ్చి కలిపే బోల్టు) రంధ్రం నుంచి ముందు చెవికి, వెనక చెవికి విడివిడిగా దూరం. చాలా కట్టల్లో ఇవి సమానంగా ఉండవు.
- యూ బోల్టులు (కట్టను యాక్సిల్‌కు బిగించే U ఆకారపు బోల్టులు) కొత్తవి, కట్ట మందానికి తగ్గ పొడవున్నవి.
- బుష్‌లు, షాకిల్ పిన్నులు కొత్తవి.
- రెండు పక్కలా ఒకే లాటు కట్టలు.

పాత లారీ కట్టలోంచి కోసిన పట్టీ చూపిస్తే వద్దనండి. పట్టీకి వెల్డింగు పడినా, కొత్తగా రంధ్రం వేసినా అది అక్కడే విరుగుతుంది.

7. బిగించే వరుస

మేస్త్రీయే బిగిస్తాడు, మీరు పక్కన నిలబడండి. వరుస తప్పితే ఆపమనండి.

1. రెండు రోజుల ముందే యూ బోల్టుల మరలకు తుప్పు వదిలించే నూనె కొట్టండి.
2. బండి గేరులో ఉంచి, ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డుపెట్టండి.
3. చాసిస్‌ను ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకూడదు. యాక్సిల్ హౌసింగ్ కింద వేరే జాకీ ఉండాలి.
4. షాకబ్జర్ కింది బోల్టు విప్పండి. బ్రేకు హోసు, హ్యాండ్ బ్రేకు కేబులు లాగబడకుండా చూడండి. లోడును బట్టి బ్రేకు సర్దే వాల్వు రాడ్డు ఉంటే, అది ఏ రంధ్రంలో ఉందో ఫొటో తీసి విప్పండి.
5. ఒక పక్క కట్ట పూర్తిగా బిగించాకే రెండో పక్క ముట్టుకోండి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్ జరిగిపోతుంది.
6. కట్టలో పట్టీ కలపాలంటే, సెంటర్ బోల్టు తీసే ముందు కట్టను బలమైన క్లాంపులతో రెండు చోట్ల బిగించాలి. లేకపోతే బోల్టు ఊడిన క్షణంలో పట్టీలు ఎగిరి తగులుతాయి. చేతివేళ్లు పోయేది ఈ దశలోనే.
7. సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటు రంధ్రంలో కచ్చితంగా కూర్చోవాలి. అంచు మీద నిలిస్తే యాక్సిల్ వంకరగా నడుస్తుంది.
8. యూ బోల్టుల నాలుగు నట్లూ ఎదురెదురు మూలల వరుసలో, కొంచెం కొంచెంగా బిగించండి. చివరి బిగింపు మాన్యువల్‌లో ఉన్న టార్కుకు, టార్కు రెంచితోనే. పాత యూ బోల్టు ఒకసారి సాగింది కాబట్టి మళ్లీ వాడొద్దు.
9. రబ్బరు బుష్ ఉన్న చెవి బోల్టు, షాకిల్ బోల్టులు అప్పటికి వదులుగానే ఉంచండి. బండి కిందికి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే వాటిని పూర్తిగా బిగించాలి.

తొమ్మిదో అంకెను దాటేసే షాపులే ఎక్కువ. కమాను వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది. బండి దించగానే మెలిపడి, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. కిర్రుమనే చప్పుడుకు కారణం కమాను అనుకుని గ్రీజు పూస్తారు. అసలు దోషం బిగింపులో ఉంటుంది.

8. బండి రోడ్డెక్కే ముందు

బ్రేకు వాల్వు. చాలా పికప్‌లలో వెనక బ్రేకు ఎంత పట్టాలో చెప్పే వాల్వు ఒకటి ఉంటుంది. చాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య దూరం చూసి అది లోడును అంచనా వేస్తుంది. మీరు వెనక ఎత్తారు, కట్ట బిరుసు పెంచారు. ఇప్పుడు టన్ను వేసినా బండి తక్కువే కుంగుతుంది. వాల్వు మాత్రం ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. లోడు మీద బ్రేకు బారుగా పోతోందని డ్రైవరు అంటాడు, ఎవరూ కమాను మీద అనుమానపడరు. మాన్యువల్ ప్రకారం రాడ్డు సరిచేయించకుండా బండి బయటికి తీయకండి.

హెడ్‌లైట్లు. 3 మీటర్ల వీల్‌బేస్ బండిలో వెనక 50 మి.మీ. మారితే కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. 25 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 42 సెం.మీ. కిందికో పైకో జరుగుతుంది. మామూలు లోడు వేసి, గోడ ముందు నిలిపి సరిచేసుకోండి.

స్టీరింగు. అదే ఒక డిగ్రీ ముందు చక్రాల కాస్టర్‌ను (పక్క నుంచి చూస్తే స్టీరింగు ఇరుసు వాలిన కోణం) కూడా మారుస్తుంది. వెనక లేస్తే కాస్టర్ తగ్గి, హైవే మీద స్టీరింగు తేలికై బండి అటూ ఇటూ పోయినట్టనిపిస్తుంది. అలైన్‌మెంటు చూపించండి.

షాకబ్జరు, బ్రేకు హోసు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఈ రెండూ బిగుసుకుపోకూడదు.

9. తేడా చేస్తే ఇక్కడ వెతకండి

- 40–60 వేగంలో సీటు కింద వణుకు: ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే కడ్డీ) కోణం మారింది. యాక్సిల్ సీటు దగ్గర కోణం సరిచేసే ఏటవాలు షిమ్ము (పలచని లోహపు ముక్క) కావాలి.
- ఖాళీగా తోక ఎగరడం: బలం ఎక్కువైంది, లేదా షాకబ్జర్లు నీరసించాయి. ముందు షాకబ్జర్లు మార్చి చూడండి, తర్వాతే పట్టీ తీయండి.
- వెనక నుంచి చూస్తే బండి అడ్డంగా నడుస్తున్నట్టుంటే: సెంటర్ బోల్టు సీటులో కూర్చోలేదు. అదే రోజు విప్పించండి.
- సెంటర్ బోల్టు పదేపదే తెగడం: బోల్టు నాసిరకం కాదు, యూ బోల్టులు వదులయ్యాయి.
- షాకిల్ వెనక్కి పడుకుని చాసిస్‌కు తగలడం: మెయిన్ పట్టీ పొడవు తేడా. కట్ట వాపసు ఇవ్వండి.

10. మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త పట్టీల మీద పెయింటు, పొలుసు నలిగి కట్ట మందం కాస్త తగ్గుతుంది. యూ బోల్టులు ఆ మేరకు వదులవుతాయి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కి ఒకసారి, వెయ్యికి ఒకసారి టార్కు రెంచితో చూడండి. నట్టు మీదుగా బోల్టు మర దాకా పెయింటు గీత గీసి ఉంచితే, గీత విడిపోయిందో లేదో డ్రైవరే రోజూ పొద్దున చూసుకోగలడు.

వెయ్యి తిరిగాక ఖాళీ, సగం, నిండు కొలతలు మళ్లీ తీయండి, అదే పెయింటు గుర్తు దగ్గర. కొత్త కట్ట మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు దిగడం మామూలే. రెండు పక్కల మధ్య తేడా 10 మి.మీ. దాటితే వేబ్రిడ్జి చీటీలు, పాత కొలతలు, కొత్త కొలతలు మూడూ పట్టుకుని షాపుకు వెళ్లండి. నోటితో చెప్పినదానికన్నా ఆ కాగితాలకు మేస్త్రీ త్వరగా లేచి వస్తాడు.